రఫ్ పుస్తకంలో అమెరికా డ్రాయింగ్

2022లో నేను కెనడాలోని గ్వెల్ఫ్‌లో విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఏ డ్రాయింగ్ ఎవరి చేతికి వెళ్లింది, పాతబడినది ష్రెడ్డర్‌లో పడిందా లేదా అని చూడటమే నా పని. ఆ యేడు ఊరంతా స్టూడెంట్లే. మా దగ్గరా కో-ఆప్‌కి, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగానికి, నలుగురు చేరారు. ముగ్గురు తెలుగు పిల్లలు, ఒక చైనా అమ్మాయి. పేరు మేయ్. మనవాళ్లని చూసి తనూ నన్ను ఆంటీ అనేది.

మా పెద్ద కస్టమర్ ఒక అమెరికా కంపెనీ. అమెరికాకీ చైనాకీ పోటీ ముదిరేకొద్దీ వాళ్ల ఈమెయిళ్ల ధోరణి మారింది. ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ అని ఒక నియమం ఉంది. కొన్ని డిజైన్లు కొన్ని దేశాల వాళ్ల కంట పడకూడదు. అందుకని మేయ్‌ని కొలత పరికరాల గదికే పరిమితం చేశారు. డ్రాయింగులు ఆమె దాకా పోకుండా చూడాల్సింది నేనే.

ఇక నా ఘనకార్యం వినండి. ఒకవైపే ప్రింటైన కాగితం పారెయ్యడానికి నాకు చేతులు రావు. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగాను. పనికిరాని రిపోర్టులన్నీ దొంతర పెట్టి, దారంతో కుట్టి, పరీక్షలకి లెక్కలు చేసుకుంటారని నలుగురు పిల్లలకీ తలో రఫ్ పుస్తకం ఇచ్చాను. రిపోర్టుల్లో డ్రాయింగులు కలిసిపోయాయేమో చూసుకోలేదు.

కస్టమర్ తరఫున ఆడిటర్ వచ్చాడు. మేయ్ బల్ల దగ్గర ఆగి ఆ పుస్తకం తిరగేశాడు. ఒక పేజీ వెనక వాళ్ల డ్రాయింగ్ ఉంది. అరగంటలో ఆమె బ్యాడ్జ్ తీసేసుకుని మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టారు. కో-ఆప్ రద్దయితే డిగ్రీ ఆగిపోతుంది. దొంగతనం అన్న మాట పడితే ఈ దేశంలో ఉండనిస్తారో లేదో కూడా తెలియదు.

ఇదంతా నాకు చెప్పింది మా క్వాలిటీ మేనేజర్ చంద్రశేఖర్ గారు. వరంగల్ ఆయన, అమెరికాలో చాలా ఏళ్లు చేసి ఇటొచ్చారు. పుస్తకం కుట్టింది నేనేనని చెప్పేశాను. ఆయన తలుపు దగ్గరికి వేశారు.

"మేడం, మీరు ఊకోండి. ఎవరిచ్చిన్రంటే ఆ అమ్మాయి మీ పేరు చెప్తలేదు. ఇంకో ఐదేండ్లయితే రిటైరైతరు, ఎందుకు ఇరుక్కుంటరు?"

అబద్ధమెందుకు, ఒక్క నిమిషం ఊరుకుందామనే అనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు ఆయన గది అద్దంలోంచి మన పిల్లల బల్లలు కనిపించాయి. మూడింటి మీదా నా పుస్తకాలే. ఆడిటర్ పొద్దున ఆ బల్లలు దాటుకునే వెళ్లాడు. ఒక్కటీ తిరగెయ్యలేదు.

ఆ మూడూ తీసుకుని మీటింగ్ రూమ్‌లోకి వెళ్లాను. "ఇవన్నీ కుట్టింది నేను. ఈ అమ్మాయి అడగలేదు, నేనే ఇచ్చాను. తప్పు నాది," అన్నాను. వాటిలో వెతికితే ఒకదాంట్లో ఇంకో రెండు డ్రాయింగులు దొరికాయి. ఊకోమన్న చంద్రశేఖర్ గారే వచ్చి నా పక్కన కూర్చుని, నా పనితనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆ మేలు మరిచిపోలేను. సాయంత్రానికి మేయ్‌కి క్షమాపణ చెప్పి బ్యాడ్జ్ ఇచ్చేశారు. పిల్లల జోలికి పోలేదు. నాకు వార్నింగ్ లెటర్‌తో సరిపోయింది.

పార్కింగ్‌లో మేయ్‌ని పట్టుకుని అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా అని.

"మీ పేరు చెప్తే, ఇంకెవరికిచ్చారని అడుగుతారు కదా ఆంటీ. వాళ్లు ముగ్గురూ స్టూడెంట్ పర్మిట్ మీదే ఉన్నారు. నన్ను ఎలాగూ అనుమానించేశారు, ఇంకో ముగ్గురెందుకు అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయే నా వీపు నిమిరింది.

మరుసటి వారం ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. నలుగురూ డిగ్రీలు పూర్తి చేశారు. నేను ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాను, కొత్తవాళ్లకి ట్రైనింగ్ కూడా ఇస్తున్నాను. కాగితం ఉండకూడని చోట దొరికితే ముందు మన చేతులు చూసుకోండి, ఎవరు ఏ దేశం వాళ్లన్నది తర్వాత అడుగుదురు గాని అంటాను. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆ గదిలో నోరు విప్పకుండా కూర్చున్న మేయ్‌కి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.