ఎడమ వైపు తడి రవ్వ

దయ్యాల మాట నేను ఏనాడూ నమ్మలేదు. లెక్క తేలనిదాన్ని నమ్మడం నా వల్ల కాదు. డిస్పాచ్ గుమస్తాగా పనిచేస్తూ, పాత పుస్తకాలు తిరగేసి గణాంకాలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఇది కూడా అంకెలతోనే చెబుతాను.

2007 వేసవిలో మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పెళ్లి చేసుకోని మనిషి. ఉత్తరాదిన, ఇందిరాపురంలో మా ఫ్లాట్‌కే తెచ్చుకున్నాం. బట్టల సంచీ కాక వెంట తెచ్చుకున్నది ఒక్క మృదంగం. వాయించే ముందు దాని ఎడమ వైపు తడి బొంబాయి రవ్వ ముద్ద అంటించాలి. అప్పుడే గుమ్మని మోగుతుంది. అయ్యాక మెల్లగా గీకేయాలి, లేకపోతే తోలు పాడవుతుంది అనేవాడు.

రోజూ సాయంత్రం మా ఆవిడ రవ్వ తడిపి అంటించేది. అన్నయ్య ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి దాని మీద పెట్టుకునేవాడు. మొదటి వారం నిమిషానికి నాలుగు దెబ్బలు. నాలుగో వారానికి పంతొమ్మిది.

కింది ఫ్లాట్ ఆంటీ "అంకుల్ కా ఢోలక్ బఢియా హై" అని మెచ్చుకుంటే, "ఢోలక్ అంటే ఊరుకోనని చెప్పరా ఆవిడకి" అని నవ్వేవాడు.

నేను నోటుబుక్కులో గళ్లు గీశాను: వాయించాడా, సాయంత్రం బీపీ, మర్నాటి ఉదయం బీపీ. వాయించిన ప్రతి సాయంత్రమూ బీపీ పెరిగింది. భయమేసింది. మృదంగాన్ని శుభ్రంగా గీకి, తుడిచి, అటక మీద పెట్టి తాళం వేశాను.

"మెట్లెక్కి వచ్చినవాడి గుండె చూసి జబ్బంటావేంట్రా? పొద్దున్నది చూడు," అన్నాడు అన్నయ్య.

చూడలేదు. నెల ఆగమన్నాను. అన్నయ్య మళ్లీ అడగలేదు. ఒళ్లో దిండు పెట్టుకుని వేళ్లు ఆడించేవాడు. పదకొండో రోజు మళ్లీ పక్షవాతం వచ్చి పోయాడు.

కర్మలయ్యాక, ఒక మధ్యాహ్నం, ఆ ఉదయాల గడి కూడి చూశాను. వాయించిన రోజులు ఇరవై ఆరు. మర్నాడు బీపీ తగ్గినవి ఇరవై మూడు. తాళం వేశాక ఒక్క ఉదయమూ తగ్గలేదు.

కూర్చోలేకపోయాను. లేచి అటక తాళం తీశాను. తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకే ఉంది. మృదంగం మీద గుడ్డ తీస్తే ఎడమ వైపు రవ్వ ముద్ద ఉంది. వేలు పెట్టాను. తడి.

అప్పుడు టైము ఒకటీ నలభై. మా ఆవిడ ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వెళ్లింది. ఉన్న రవ్వ ఎప్పుడో అయిపోయింది, అన్నయ్య పోయాక మళ్లీ కొననేలేదు. తర్వాత కొనుక్కొచ్చి, తడిపి, అదే అటక మీద అదే మృదంగానికి మూడుసార్లు పెట్టి చూశాను. ఆ ఎండలకు యాభై నిమిషాల్లో పెచ్చు కట్టేది.

ఇప్పటికీ ఆ లెక్క తేలలేదు. ఆ రోజు మాత్రం అన్నయ్య చెప్పినట్టే ముద్దను మెల్లగా గీకేశాను. నోటుబుక్కు తీసి, ఆ తేదీకి ఎదురుగా, వాయించాడా అన్న గడిలో 'అవును' అని రాశాను. మర్నాటి ఉదయం గడి ఖాళీగా వదిలేశాను.