బావికీ ఇంటికీ నడుమ నాలుగు తీగలు

గచ్చిబౌలిలో బాలనర్సయ్య ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్న మొదటి నెలలోనే రత్నమాల ఆ ఇంటి గోడగడియారం బాగుచేసింది. ఆ తర్వాత వాళ్ల రేడియో. ఇంకొన్నాళ్లకు బాలనర్సయ్య భార్య చంద్రమ్మ పుట్టింటికి వెళ్లి వస్తూ అక్కడ పాడైపోయిన టార్చిలైటు కూడా పట్టుకొచ్చి, "జర చూడు బిడ్డా" అని ఆమె గుమ్మంలో పెట్టి వెళ్లింది.

రత్నమాలది తెనాలి పక్కన పల్లె. డిప్లొమా చదివి, లింగంపల్లి దగ్గర ఒక పరికరాల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చింది. సర్క్యూట్ బోర్డుల మీద అతుకులు సరిగా పడ్డాయో లేదో పరీక్షించడం ఆమె పని. భర్త సోమేశ్వరరావు నగరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. తెల్లవారగానే ఇద్దరూ చెరో బస్సు ఎక్కేవారు. పిల్లలు లేరు. ఆ దిగులు కొన్నేళ్లు వాళ్ల మధ్య కూర్చుని, ఎప్పుడు లేచిందో తెలియకుండా లేచి వెళ్లిపోయింది. సాయంత్రం ఆయన పేపరు చదువుతూ ఉంటే ఆమె బల్ల మీద ఏదో ఒకటి విప్పుకుని కూర్చునేది. ఇద్దరికీ అది హాయిగానే ఉండేది.

1978లో ఆ బల్ల మీదికి ఒక కొత్త వస్తువు వచ్చింది. బడిపిల్లల పలకంత బోర్డు. దాని మీద ఒక చిన్న కంప్యూటరు చిప్పు, ఒక పక్క మీటలు, పైన ఎర్రగా వెలిగే అంకెలు. తూకం యంత్రం తయారు చేద్దామని ఫ్యాక్టరీవాళ్లు తెప్పించి, ఆ ఆలోచన మానుకుని పక్కన పడేశారు. పాత సామాను అమ్మేటప్పుడు సెక్షన్ ఇంజనీరు రామచంద్రం దాన్ని ఆమెకు ఇప్పించాడు. ఆయన తెలంగాణ మనిషి, మెదక్ వైపు. "ఇక్కడుంటే దుమ్ము తింటది. మీరైతే దానితోని ఏమన్న చేస్తరు" అన్నాడు.

కొన్ని నెలలు అది కూడికలు చేసింది, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టింది. అంతకుమించి దాన్ని ఏం చేయమనాలో రత్నమాలకు తోచలేదు.

"దీనికి చెవులూ కళ్లూ లేవండీ. నేను మీటలు నొక్కి చెప్పింది తప్ప బయట ఏముందో దీనికి తెలియదు" అంది ఒకరోజు భర్తతో.

"మా ఆఫీసరు కూడా అంతే. అయినా ఆఫీసు నడుస్తోంది కదా" అన్నాడు సోమేశ్వరరావు, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

మరుసటి వేసవి ముదిరే ముందు బాలనర్సయ్య బావి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో సిమెంటు కట్టు వేసి పంపారు. ఆయనకు ద్రాక్షతోట ఉంది. తోటకు నీళ్లిచ్చే బావి ఇంటికి రెండు ఫర్లాంగుల దూరం. మోటారు అక్కడుంది గానీ, దొంగల భయానికి స్టార్టర్ మాత్రం ఇంటి గోడకే బిగించి, స్తంభాల మీదుగా కరెంటు తీగలు లాగారు. బావిలో నీళ్లున్నాయో లేవో చూసి వస్తేగానీ మోటారు వేయడానికి లేదు. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. అంతకు ముందు వేసవిలో అలాగే ఒకటి కాలింది. ఇప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు కాబట్టి, చూసి వచ్చే పని చంద్రమ్మ మీద పడింది. మోటారు నడుస్తున్నంత సేపూ ఆమె ఇంటికీ బావికీ మధ్య తిరుగుతూనే ఉండేది.

ఒక ఆదివారం రత్నమాల బట్టలు ఆరేస్తూ, చంద్రమ్మ వెళ్లి చాలాసేపైందని గమనించింది. వెళ్లి చూస్తే, బావి మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది.

"ఏం లేదు బిడ్డా. ఎండకు జర కండ్లు తిరిగినయ్" అంది.

రత్నమాల ఆమెను చేయి పట్టుకుని నెమ్మదిగా ఇంటికి నడిపించుకొచ్చి, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది. బాలనర్సయ్య మంచం మీంచి లేవబోయి, లేవలేకపోయాడు. "నా కాలు ఇరిగింది గాక, దీని పానం మీదికొచ్చింది. ఈ ఏడు తోటను ఇడిసిపెడ్త" అన్నాడు.

"వదిలేయకండి బాబాయిగారూ. నాలుగు వారాలు ఆగండి. నీళ్లెంత ఉన్నాయో ఇక్కడ కూర్చుని చూసుకునేట్టు నేనొకటి చేసి చూస్తాను" అంది రత్నమాల. నోట మాట బయటపడ్డాక గానీ, తన బోర్డుకు పని దొరికిందని ఆమెకే తట్టలేదు.

పొడవాటి ప్లాస్టిక్ గొట్టానికి పైనుంచి కిందికి ఆరు రాగి బొత్తాలు బిగించింది. నీళ్లు ఏ బొత్తాన్ని తాకితే అది 'ఉన్నాయి' అని చెబుతుంది. బొత్తానికొక తీగ చొప్పున అంత దూరం లాగాలంటే ఎక్కడి తీగా చాలదు. పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజారులో వెతికితే మిలటరీవాళ్లు పారేసిన టెలిఫోన్ తీగ దొరికింది. అది నాలుగు వరసలకు సరిపోయింది.

"ఆరు బొత్తాలంటివి, నాలుగే తీగలంటివి. గిదేం లెక్క?" అని అడిగాడు బాలనర్సయ్య.

"అన్నీ ఒకే తీగ మీద వస్తాయండి, ఒకదాని వెనక ఒకటి. చిన్నప్పుడు కథ చెబుతుంటే మీరు ఊ కొట్టేవారా?"

"కొట్టకుంటే మా అవ్వ ముంగటికి చెప్పకపోయేది."

"ఇదీ అంతేనండి. బావి దగ్గర పెట్టెలో బ్యాటరీతో నడిచే ఒక చిన్న చిప్పు ఉంటుంది. అది ఆరు బొత్తాల సంగతీ వరసలో నిలబెట్టుకుంటుంది. ఒక తీగ మీద అది చెబుతుంది. ఇంకో తీగ మీద మన బోర్డు ఊ కొడుతుంది. ఊ అన్నప్పుడల్లా అది ఒక్క ముక్క చెప్పి ఆగుతుంది. దాన్ని మా ఫ్యాక్టరీలో క్లాక్ అంటారు. మూడో తీగ, మళ్లీ మొదటి నుంచి చెప్పు అనడానికి."

"మరి నాలుగోది?"

"కరెంటు తిరిగి రావడానికి దారి కావాలి కదండీ."

బాలనర్సయ్య నాలుగు తీగలూ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అంటే బాయి కథ చెప్తది, నీ పలక ఊ కొడ్తది" అన్నాడు. రత్నమాల అవునంది.

తీగలు లాగింది సోమేశ్వరరావు. స్టూలెక్కి బూజు దులపడానికే వెనకాడే మనిషి, రెండు ఆదివారాలు లుంగీ ఎగ్గట్టి, నిచ్చెన వేసుకుని, మోటారు కరెంటు తీగలున్న స్తంభాలకే కాస్త కిందుగా ఆ నాలుగు తీగలూ కట్టుకుంటూ వెళ్లాడు. మధ్యలో చంద్రమ్మ నిచ్చెన పట్టుకుని, "పైలం అయ్యా" అంటూ ఉండేది.

బోర్డును బాలనర్సయ్య మంచం పక్కన పెట్టి, అంతా కలిపి వేస్తే దాని మీద అంకె వెలిగింది గానీ, అది తప్పు. వరసలో ముందొచ్చింది అడుగు బొత్తం అనుకుని లెక్క రాసింది రత్నమాల. వచ్చింది పైది. తన పొరపాటుకు తనే నవ్వుకుని వరస తిప్పి రాసింది. ఈసారి నాలుగు వెలిగింది. చంద్రమ్మ వెళ్లి చూసి వచ్చి, "నాలుగు బొత్తాలు మునిగినయ్" అని చెప్పి, లోపలికెళ్లి అందరి చేతుల్లోనూ బెల్లం ముక్క పెట్టింది.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు.

ఒక మధ్యాహ్నం రత్నమాల ఫ్యాక్టరీలో ఉండగా, బోర్డు ఐదు చూపిస్తోందని బాలనర్సయ్య నిశ్చింతగా మోటారు నడవనిచ్చాడు. చంద్రమ్మకు మాత్రం కాలవలో నీళ్ల చప్పుడు సన్నబడినట్టు అనిపించి బావి దాకా వెళ్లింది. మోటారు గాలి పీలుస్తూ గుర్రుమంటోంది. అక్కణ్నుంచే కేకలేస్తూ పరిగెత్తుకొచ్చి స్టార్టర్ ఆపింది. బావిలో ఒక్క బొత్తమే మునిగి ఉంది.

సాయంత్రం ఆ మాట విన్న రత్నమాల నేరుగా బావి దగ్గరికి వెళ్లింది. మోటారు మీద చేయి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"తీసేస్తానండి. తప్పు చెప్పే దానికంటే అసలు చెప్పనిది నయం" అంది.

"మోటరు మంచిగనే ఉంది కదా, ఫికర్ చేయకు" అన్నాడు బాలనర్సయ్య. చంద్రమ్మ ఇంకో మాట అంది: "ఇన్నొద్దులు సక్కగ చెప్పింది. ఇయాల ఎందుకు తప్పిందో అది చూడు బిడ్డా. తీసేసుడు ఎంతసేపు?"

మర్నాడు రత్నమాల రామచంద్రానికి సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "ఎప్పుడు తప్పుతదో ముందు పట్టుకోండి. ఎందుకన్నది దాని ఎనకనే వస్తది" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆమె బోర్డు ముందు కదలకుండా కూర్చుంది. గోడవతల తమ గదిలో సోమేశ్వరరావు ట్రాన్సిస్టరులో పాటలు వింటున్నాడు. చంద్రమ్మ స్టార్టర్ నొక్కింది. రేడియోలో గరగరమని పెద్ద చప్పుడు పుట్టి, పాట మింగేసి, తర్వాత సన్నటి గరగరగా మిగిలింది. అదే క్షణంలో బోర్డు మీద మూడు కాస్తా ఆరైంది.

"ఏవండీ, ఆ రేడియో ఆపకండి" అని కేకేసింది. మోటారు ఆపించింది, మళ్లీ వేయించింది. మళ్లీ గరగర, మళ్లీ అంకె గెంతింది. ఇంకోసారి వేయించబోతే, "మోటరు పరేషాన్ అయితది బిడ్డా" అంది చంద్రమ్మ.

సంగతి అర్థమైంది. మోటారు కరెంటు తీగల పక్కనే తన తీగలు కట్టించింది. మోటారు మొదలైనప్పుడు గట్టిగా, నడుస్తున్నంతసేపూ సన్నగా పుట్టే కుదుపు ఊ కొట్టే తీగలోకి దూకుతోంది. అది బోర్డు అన్న ఊ అనుకుని బావి కొన్ని ముక్కలు దాటేసి చెబుతోంది. ఇక్కడ బోర్డేమో రాని ముక్క వచ్చిందనుకుని వరస తప్పి లెక్కపెడుతోంది.

సోమేశ్వరరావు మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఈసారి తీగలను ఒకదానితో ఒకటి మెలేసి, కరెంటు స్తంభాలకు దూరంగా తోట పందిరి రాళ్ల మీదుగా లాగాడు. రత్నమాల బోర్డు వేగం బాగా తగ్గించింది. నీళ్లు దిగేది నెమ్మదిగానే, అడగడానికీ అంత తొందర అక్కర్లేదు కదా. బావి దగ్గరి పెట్టెలో చిన్న కెపాసిటరు పెట్టి, చిటికెలో వచ్చి పోయే కుదుపులు అక్కడే అణిగిపోయేట్టు చేసింది. ఆరు ముక్కల తర్వాత ఇంకో రెండు ముక్కలు చేర్చింది. వాటిలో మొదటిది ఎప్పుడూ 'ఉంది' అనాలి, రెండోది ఎప్పుడూ 'లేదు' అనాలి. అలా రాకపోతే మధ్యలో ఏదో తప్పినట్టు. అప్పుడు బోర్డు అంకె వేయకుండా అడ్డగీత చూపిస్తుంది. అంకె వేయాలన్నా మూడుసార్లు అడిగి, మూడుసార్లూ ఒకే జవాబు వస్తేనే వేస్తుంది.

"ఈ గీత ఏంది?" అని అడిగాడు బాలనర్సయ్య, ఊతకర్ర మీద నిలబడి.

"నాకు తెలియదు అంటోందండి. అప్పుడు మాత్రం ఎవరైనా వెళ్లి చూడాలి."

ఆయనకు అది అన్నిటికంటే నచ్చింది. "తెల్వకపోతే తెల్వదు అని చెప్పే మనిషే దొరుకుడు కష్టం. ఇగ దీన్ని నమ్మొచ్చు" అన్నాడు.

ఒక చిక్కు మిగిలింది. కరెంటు పోయినప్పుడల్లా బోర్డు నేర్చుకున్నదంతా మరిచిపోయేది. రత్నమాల ఇంటికొచ్చి మళ్లీ మీటలన్నీ నొక్కాల్సి వచ్చేది. ఆ మాట రామచంద్రం చెవిన పడింది. పైవాళ్లను అడిగి, ఫ్యాక్టరీ మిషను మీద ఆ పాఠమంతా మరపు లేని చిప్పులోకి ఎక్కించి ఇచ్చాడు. దాన్ని బోర్డులో గుచ్చాక, కరెంటు పోయి వచ్చినా పాఠం మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏప్రిల్‌లో ద్రాక్ష కొమ్మలు కత్తిరించాక తోటకు నీళ్లు బాగా కావాలి. ఆ నెలలో బావి అడుగంటింది. బోర్డు ముందు కూర్చుని చూసీ చూసీ, బాలనర్సయ్య ఒక సంగతి కనిపెట్టాడు. ఒకటికి దిగినాక మోటారు ఆపితే, మధ్యాహ్నానికల్లా ఊట ఊరి మూడుకొస్తోంది. అంతకు ముందు పొద్దుటే బావి వట్టిపోతే ఇక ఆ రోజుకింతే అని ఊరుకునేవాళ్లు. ఇప్పుడు పొద్దున కొంత, సాయంత్రం కొంత పారించసాగాడు. చుట్టుపక్కల ఒకటి రెండు తోటలు ఎండాయి. ఈయనకు అంచు వరసలు మాత్రం పోయాయి, తక్కినవన్నీ పచ్చగా నిలిచాయి. చంద్రమ్మ మధ్యాహ్నాలు కాసేపు కునుకు తీయడం మొదలుపెట్టింది.

నార్సింగి నుంచి చంద్రమ్మ చెల్లెలు నీలమ్మ, ఆమె భర్త పోచయ్య చూడటానికి వచ్చారు. పోచయ్య బోర్డు చుట్టూ తిరిగి చూసి, "మా బాయికి కూడా ఊ కొడ్తదా?" అని అడిగాడు.

"మీ బావికి ఇంకొకటి కావాలండి. చేద్దాం" అంది రత్నమాల. రామచంద్రం ఇంకో పాత బోర్డు వెతికి పెట్టాడు. దాంతో పాటు, ఫ్యాక్టరీలో ఇలాంటి పరికరాల కోసం కొత్తగా పెడుతున్న విభాగంలోకి ఆమెను రమ్మన్నాడు. రత్నమాల సరేనని, ఇంటికొచ్చి భర్తకు చెబితే, ఆయన ఆ రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, కొత్త విభాగంలో ఏమేం చేస్తారో చీకటి పడేదాకా అడిగి తెలుసుకున్నాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో కోతలు మొదలయ్యాయి. సికింద్రాబాద్ మార్కెట్టుకు వెళ్లే బండి మీద బుట్టలు సర్దుతున్నారు. కట్టు విప్పాక కొద్దిగా కుంటుతూనే నడుస్తున్న బాలనర్సయ్య పందిరి కిందికి వెళ్లి, చేతికందిన గుత్తి కోసి తెచ్చి రత్నమాలకూ సోమేశ్వరరావుకూ ఇచ్చాడు. గట్టు మీద కూర్చుని తిన్నారు. ఆకుపచ్చని పండ్లు, లోపల వెలుతురు కనిపించేంత పలచని తోలు.

"కొంచెం పులుపుంది" అన్నాడు సోమేశ్వరరావు.

"నాకు ఇలాగే ఇష్టమండి" అని రత్నమాల ఇంకో పండు తుంచుకుంది.