రెండు వేళ్ళు తక్కువగా కోసిన కవచం

మా చర్చిలో వేసే గుడ్ ఫ్రైడే నాటకంలో నేను పద్దెనిమిదేళ్ళు గుంపులోనే నిలబడ్డాను. చేతులెత్తి అరిచే జనంలో ఒకణ్ణి. ఒక ఏడు నీళ్ళకుండ పట్టుకోమన్నారు. ఇంకో ఏడు నాలుగో సిపాయిని చేశారు. అట్టముక్కలకు వెండికాగితం అంటించి, కవచమని చెప్పి నా ఒంటికి కట్టారు. కోయంబత్తూరులో ఆ నెల ఎండ ఎలా ఉంటుందో కట్టినవాళ్ళకు తెలియదా? చెమటకు అట్ట నానిపోయి, ఊరేగింపు మా వీధి దాటకముందే ఛాతీ మీద నుంచి తునకలుగా జారింది. కమిటీ పెద్ద మైకులోనే, "నాలుగో సిపాయి పొట్టు రాలుస్తా ఉండాడు, దారి ఇడవండ" అన్నాడు. వీధంతా నవ్వింది. మిద్దెల మీద నిలబడి చూస్తున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఇది జరిగి ఏడేళ్ళయింది. ఆ రోజు ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

కిందటేడు శతాధిపతి వేషం ఖాళీ అయింది. ఇన్నేళ్ళూ దాన్ని వేసిన పెద్దాయన మోకాళ్ళు పట్టేసి తప్పుకున్నాడు. శతాధిపతి అంటే సిపాయిల మీద అధికారి. నాటకమంతా సిలువ కింద మౌనంగా నిలబడి, చివర మోకరిల్లి, ఈయన నిజంగా దేవుని కుమారుడని ఒకే ఒక్క మాట చెప్పాలి. ఆ మాటతో నాటకం ముగుస్తుంది. ఇళ్ళలో మేమందరం మాట్లాడేది తెలుగే అయినా నాటకం మాత్రం తమిళంలో. నాకు దాని మీదా ఒక ఫిర్యాదుంది. ఈ తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక, బైబిలు పక్కన పెట్టుకొని నేర్చుకున్నాను. అప్పుడూ నవ్వినవాళ్ళున్నారు. సరే, ఆ సంగతి పక్కన పెడతాను.

నేను వెళ్ళి ఆ వేషం నాకు కావాలన్నాను. కమిటీ పెద్ద నాకంటే పదేళ్ళు చిన్నవాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"వేసం మీకే అన్నా. కానీ కవచం మీరే చూసుకోవాల. పోయినసారి మాదిరి రాలిపోతే నేనేం చేసేది?"

అతను మరిచిపోయి ఉంటాడని అన్నేళ్ళుగా అనుకుంటున్నాను. మరిచిపోలేదు.

"మట్టల ఆదివారం అందరి ముందరా తొడుక్కొని చూపించండ. సరిగా లేకుంటే మా మచ్చాన్ రెడీగా ఉండాడు" అన్నాడు. మట్టల ఆదివారమంటే గుడ్ ఫ్రైడేకు ముందటి ఆదివారం. మచ్చాన్ అంటే అతని బావమరిది. ఆ మనిషికి నాటకమంటే ఇష్టం కూడా లేదు. ఎత్తుగా ఉంటాడు, అంతే.

ఆ రాత్రే మా అమ్మాయి ఫోనులో వెదికి, ప్లాస్టిక్ కవచం ఒకటి తెప్పించింది. తయారైన కవచం కాదు. మనమే చేసుకోవాల్సిన ముక్కలు. పెద్ద అట్టపెట్టెలో తెల్లటి పలుచని పలకలు వచ్చాయి. ఒక్కో పలక మీద ఛాతీ, వీపు, భుజాలు, పిక్కలు ఉబ్బెత్తుగా అచ్చు పోసి ఉన్నాయి. గీత వెంట కత్తితో గీసి వంచితే పుటుక్కున విరుగుతుంది. అంచులు గరుకుగా ఉండే ఉప్పుకాగితంతో రుద్దాలి. తర్వాత జిగురు, పట్టీలు, చివరగా రంగు. ప్లాస్టిక్ పని నాకు అదే మొదటిసారి. కానీ కోయడం, కుట్టడం మా ఇంటి పని. అది నాకెవరూ నేర్పనక్కర్లేదు అనుకున్నాను.

మా నాన్న గాంధీపురం బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాడు. కొత్త జోడు కుట్టేటప్పుడు కాలి కొలత తీసుకొని, దానికంటే కొంచెం తక్కువగానే తోలు కోసేవాడు. తొడుక్కున్న మనిషి మొదటి రోజు ముఖం చిట్లించేవాడు. "మూడు దినాలు తొడుగు సామీ, నాలుగో దినం నువ్వే వస్తావు" అనేవాడు నాన్న. నాలుగోరోజు ఆ మనిషి నవ్వుతూ వచ్చేవాడు. తోలు సాగి పాదానికి పట్టేసేది. మొదటే సరిపోయేలా కోసిన చెప్పు వారానికల్లా వదులై ఈడ్చుకుంటూ నడిపిస్తుంది. మా వీధిలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

పెట్టెలో బొమ్మలున్న చిన్న పుస్తకం ఒకటి ఉంది. అమ్మాయి దాన్ని చదివి వినిపించింది. "అప్పా, మొదట అంచు ఎక్కువ ఇడిసిపెట్టి కోయాలంట. టేపుతో అతికించి, తొడుక్కొని, కూర్చొని, వంగి, చేతులెత్తి చూడాలంట. అంతా సరిపోయినాకనే గీత మీద కోయాలంట."

"వాళ్ళకేం తెలుసు? వదులైపోతాది" అన్నాను.

"ప్లాస్టిక్ వదులవుతాదా అప్పా?"

"తొడగంగ తొడగంగ అన్నీ వదులవుతాయి."

ఛాతీ చుట్టుకొలత తీసుకొని, రెండు పక్కలా కలిపి రెండు వేళ్ళు తక్కువగా కోశాను. రెండు వారాలు మా ముందుగది పిండిమరలా ఉండింది. రుద్దిన తెల్లటి పొడి అన్నం పళ్ళెంలో కూడా పడింది. జిగురు వాసనకు తల తిరిగింది. పట్టీలతో వేలాడదీయాల్సిన భుజాలను కూడా గట్టిగా ఉంటుందని జిగురుతోనే అతికించేశాను. రంగు ఆరాక తొడుక్కుంటే ఊపిరి పైపైనే ఆగింది. చాలా సంతోషించాను. మూడు రోజుల్లో సర్దుకుంటుంది కదా.

మట్టల ఆదివారానికి ఇంకా రెండు వారాలున్నాయి. చర్చి ఆవరణలో అందరం వేషాలు లేకుండా నాటకం ఒకసారి ఆడుకున్నాం. నేను మాత్రం కవచంతో వెళ్ళాను. అందరూ చూడాలని వెళ్ళాను, అబద్ధమెందుకు? చివరి మాట దగ్గరికొచ్చింది. మోకరిల్లి, గట్టిగా ఊపిరి పీల్చాను. చంక కింద పట్‌మని చప్పుడైంది. ఎడమవైపు అంచు నుంచి పక్కటెముకల మీదుగా చీలిక జరజరా పాకింది. చేయి ఎత్తబోతే భుజం ముక్క ఊడి చేతికొచ్చింది. నా నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది. కమిటీ పెద్ద దగ్గరికొచ్చి, చీలికను వేలితో తడిమి, "పరవాల్లేదు అన్నా. మట్టల ఆదివారం దాకా టైముండాది" అన్నాడు. అంటూనే తన బావమరిది వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను.

ఇంటికొచ్చి జిగురు రాశాను. ఆరాక వంచితే చీలిక ఇంకో అంగుళం పాకింది. అమ్మాయి చాలాసేపు చూసి, "అవ్వ దగ్గరికి తీసుకపోరాదా?" అంది.

అవ్వ అంటే మా అత్త, నాన్నకు చెల్లెలు. నాన్న పోయాక బస్టాండు దగ్గర ఆయన కూర్చున్న చోటనే ఆమె కూర్చుంది. డెబ్బై దాటినా ఇంకా అక్కడే ఉంది. ఆమెతో నేను పెళ్ళిళ్ళలో నమస్కారం దాటి మాట్లాడి ఎన్నేళ్ళయిందో. కారణముంది. నాకు పదేళ్ళప్పుడు నాన్న పక్కన కూర్చొని పట్టీ కుడుతుంటే, ఆమె వచ్చి నా చేతిలోని ఆరెను లాక్కుంది. ఆరె అంటే తోలుకు చిల్లు పొడిచే మొన. "ఈడి చేతికి ఇది నిలవదు అన్నా. బడికి పంపించు" అంది. చుట్టూ జోళ్ళ కోసం నిలబడ్డవాళ్ళందరూ విన్నారు. మర్నాడే నాన్న నన్ను బడిలో వేశాడు. బడి వల్లే సూలూరు దగ్గర మిల్లులో, నీడన, కుర్చీలో కూర్చొని సామాను చూసుకునే పని దొరికింది. ఇది నాకు తెలియదని కాదు. తెలిసినా, అందరి ముందర అన్న మాట అన్నట్టే ఉండిపోయింది.

మర్నాడు మిల్లు నుంచి వచ్చి, కవచాన్ని పాత దుప్పట్లో చుట్టుకొని గాంధీపురం బస్సెక్కాను. అత్త స్తంభానికి కట్టిన నల్లగొడుగు కింద, రెండు పగిలిన బకెట్ల మధ్య కూర్చొని ఉంది. ఇప్పుడు జోళ్ళ కంటే బకెట్లు, సంచుల జిప్పులే ఎక్కువ వస్తాయట. దుప్పటి విప్పాను.

"ఇదేమిరా, తామేలు పెంకా?"

"కవచం అత్తా. నాటకానికి."

"ఎవురు కోసింది?"

"నేనే."

"తెలస్తానే ఉండాది" అంది. చీలికను వెలుతురుకు పట్టి చూసింది. తెగిన చెప్పు పట్టుకొని నిలబడ్డ ఒకామె ఎంతసేపవుతుందని తమిళంలో అడిగింది. "ఇరుమ్మా, రాజా వందిరుక్కారు" అంది అత్త. ఉండమ్మా, రాజుగారొచ్చారు అని. చెప్పు తెచ్చిన ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వు ఆపుకుంది.

"ఏమిటికిరా ఇంత బిగువుగా కోసినావు?"

"నాయన అట్లే కదా కోసేది."

"మీ నాయన కోసింది తోలును. ఇది బకెట్టురా. బకెట్టు యాడన్నా సాగిందా?"

జవాబు లేనప్పుడు నేను పాత సంగతి తీస్తాను. ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ అనే మాటే ఇది. "ఆ పొద్దు నా చేతిలో ఆరె లాక్కున్నావు కదా అత్తా, అంతమంది ముందర" అన్నాను.

ఆమె తలెత్తకుండానే, "లాక్కుంటి. రెండు వేళ్ళు పొడుచుకొని మూడోదానికి పోతా ఉండావు" అంది.

"పదేళ్ళ పిల్లోణ్ణి."

"పదేళ్ళకు మీ నాయన జోడు కుట్టినాడు."

నా మేలు కోరి అలా అన్నానని చెబుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. చెప్పలేదు. నిజంగానే నా చేతికి పని రాదని అనుకుంది, అదే అంది. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఒక్క అక్షరం మార్చలేదు.

కిరోసిన్ దీపం మీద ఆరె మొన కాల్చి, చీలిక ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ కొసన గుండ్రటి చిల్లు పెట్టింది. బకెట్ల పగుళ్ళను ఆమె అలాగే ఆపుతుంది. చిల్లు దగ్గరికొచ్చాక పగులు ముందుకు పోదు. లోపలివైపు మెత్తటి తోలుముక్క వేసి, మైనం పూసిన దారంతో చీలికను కుట్టేసింది. తర్వాత నేను బిగించి అతికించిన రెండు పక్కలనూ కోసి విడదీసింది. ముందుపలకకూ వెనుకపలకకూ అంచుల్లో వరసగా చిల్లులు పొడిచి, తోలు వార్లతో కట్టమంది. భుజాలకూ అంతే.

"ఇది సాగదు. వారు సాగుతాది. సాగేది ఒకటన్నా ఉండాల కదరా, మనిషి ఊపిరి తీసేదానికి" అంది. ఆ తర్వాత ఆరె నా ముందు పెట్టింది. "కుడిపక్క నేను చేస్తా. ఎడమపక్క నువ్వు చెయ్యి. ఇప్పుడన్నా నిలస్తాదేమో చూస్తాం."

నాలుగు సాయంత్రాలు ఆ గొడుగు కింద కూర్చున్నాను. బస్సులు మా మోకాళ్ళను రాసుకుంటూ పోయేవి. రెండో సాయంత్రం వేలు పొడుచుకున్నాను. ఏమంటుందోనని చూశాను. పాత చీర అంచు చింపి నా మీదికి విసిరింది, అంతే. నాలుగో సాయంత్రం ఆమె వార్లు వేణి అల్లినట్టు ఒకే వరసలో ఉన్నాయి. నావి ఎలా ఉన్నాయో చెప్పను. అయినా వాటిని విప్పి మళ్ళీ కట్టలేదామె. ఆమె ముట్టుకోకపోవడం నాకు అప్పుడు ఎంత పెద్దదిగా అనిపించిందంటే, కళ్ళు తుడుచుకోవడానికి బస్సు పొగను సాకు చేసుకున్నాను. పెట్టె సర్దుతూ, "ఆరె తీసుకపో. దారిలో జారితే బిగించుకో. మళ్ళీ తెచ్చియ్యి" అంది.

మట్టల ఆదివారం అందరి ముందరా తొడుక్కున్నాను. మోకరిల్లాను, లేచాను, చేతులెత్తాను. కమిటీ పెద్ద నా ఛాతీ మీద తలుపు తట్టినట్టు తట్టాడు.

"ఉడుము మాదిరి పట్టుకొని ఉండాదే అన్నా! ఎవురు చేసినారు?"

నేనే అనొచ్చు. ముందుగదిలో రెండు వారాలు పొడి మింగింది నేనే కదా. "మా అత్త. గాంధీపురం బస్టాండు దగ్గర కూర్చుంటాది, గొడుగు కింద" అన్నాను, వెనక వరసలో ఉన్నవాళ్ళకూ వినబడేలా. బావమరిది ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. పాపం, ఆ మనిషి మీద నాకున్న కోపం అనవసరమైనదే.

గుడ్ ఫ్రైడే నాడు మూడు వీధులు తిరిగాం. రెండో వీధిలో చెమటకు వార్లు తడిశాయి. మూడో వీధికి ఒక్కో వారు కొంచెం కొంచెంగా సాగడం నా పక్కలకు తెలిసింది. నాన్న జోళ్ళు ఇంతకాలానికి నా ఒంటి మీదికొచ్చినట్టుంది. సిలువ కింద మోకరిల్లి ఊపిరి పీల్చాను. కడుపు దాకా దిగింది. పద్దెనిమిదేళ్ళు గుంపులో దాచుకున్న గొంతుతో ఆ ఒక్క మాట చెప్పాను. వీధి కొసన టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినబడిందని అమ్మాయి తర్వాత చెప్పింది. మైకు పట్టుకున్న మనిషి ఏమీ అనలేదు.

అత్త ముందు వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. చెమటతో ఆమె ముందు నిలబడ్డాను. నా ముఖం చూడలేదు. ఎడమపక్కకు వంగి చూసింది.

"రెండు ముడులు జారినాయి. అవి నువ్వు కట్టినవి."

"అవునత్తా."

"ఆరె తెచ్చినావా?"

నడుముకు కట్టుకున్న గుడ్డలో నుంచి తీసిచ్చాను. నా దగ్గరే ఉంచుకోమంటుందని ఎదురుచూశాను. తీసుకొని, కొంగుతో తుడిచి, సంచిలో వేసుకుంది. అదీ నాకు గుర్తుంటుంది.

కవచం ఇప్పుడు మా ముందుగదిలో మేకుకు వేలాడుతోంది. ఈ ఏడూ వేషం నాదేనన్నారు. ఎడమపక్క ముడులు ఇప్పటికి మూడుసార్లు విప్పి కట్టాను. రెండు పక్కలా విప్పితే తొడుక్కోవడం సులువని అమ్మాయి అంటుంది. నిజమే. కానీ కుడిపక్క నేను విప్పను, ఎవరినీ విప్పనివ్వను. పొట్ట లోపలికి లాక్కొని, తల వంచి, ఎడమవైపు నుంచే దూరుతాను.