గండికోట అంచున అంజూర వాసన

లావెండర్, అంజూర, దేవదారు కలిపిన ఆ సెంటు హైదరాబాదు ఆఫీసు ఏసీలో సాయంత్రం దాకా నిలిచేది. సీమ ఎండలో, చెమట పట్టిన ఒంటి మీద ఎలా ఉంటుందో చూసి సమీక్ష రాయాలనుకున్నాను. మా అత్తమ్మ సుగుణమ్మది కోడుమూరు. ఇంత దగ్గరుండీ గండికోట చూడలేదని ఎప్పుడూ అంటుంది. రెండు పనులూ కలిసొస్తాయని మార్చిలో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు కర్నూలు నుంచి కారులో బయల్దేరాం. డ్రైవరు మస్తాన్. రానూపోనూ బాడుగ నాలుగున్నర వేలు.

మణికట్టు మీద, మెడ వెనుక సెంటు రాసుకున్నాను. మొదట లావెండర్ ఘాటుగా గుప్పుమంది. "ఏమ్మే, తలనొప్పి మందు పూసుకున్యావా?" అంది అత్తమ్మ. బనగానపల్లెలో టీకి ఆగేసరికి ఎండెక్కింది. లావెండర్ సన్నగిల్లి అంజూర బయటపడింది. పండు తీపి కాదు, తుంచిన ఆకు నుంచి కారే పాల పచ్చి వాసన. ఏసీలో ఇది ఇంత బాగా తెలిసేది కాదు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పదిన్నరకు గండికోట చేరాం.

కోట లోపలి బండలెక్కి ముగ్గురం పెన్నా లోయ అంచుకు వెళ్లాం. ఫొటో తీస్తుంటే నా మణికట్టు మీద తేనెటీగ వాలింది. విదిలించాను. మెడ మీద ఇంకొకటి. అప్పుడు కనపడింది, పక్క బండ చూరు కింద వేలాడుతున్న నల్లటి తేనెతుట్టె. అది కదులుతోంది.

"అక్కా, చెయ్యి విదిలించొద్దు!" మస్తాన్ వెనక నుంచి హెచ్చరించాడు. "పెద్దీగలు. మెల్లగా రాండి."

హోరు పెరిగింది. పరిగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. ఒక్క అడుగు అటు పడితే లోయ. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నన్నే సూడు. కిందికి సూడొద్దు. ఈడ కాలు పెట్టు... ఇంగ ఈడ."

తన కొంగు నా తల మీద కప్పి, మెడ వెనుక అరచెయ్యి ఆనించింది. అంచు దాటాక పరుగందుకుని కోటలోని పాత ధాన్యాగారంలో దూరాం. హోరు తగ్గేదాకా అక్కడే ఉన్నాం. అత్తమ్మ పెదాలు ప్రార్థనలో కదులుతున్నాయి.

నన్ను ఒక్క ఈగా కుట్టలేదు. నా మెడ మీద పెట్టిన ఆమె చేతిని మాత్రం చాలా చోట్ల కుట్టాయి.

"శానా మండుతాండాది," అంది. కాసేపటికి, "ఊపిరి సరిగ్గా ఆడ్డంల్యా."

వాపు మోచేతికి ఎక్కుతోంది. జమ్మలమడుగు ఆసుపత్రి దాకా మస్తాన్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ఆమె ముఖం దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే నా ఒంటి నుంచి దేవదారు వాసన మొదలైంది. పొడిగా, వెచ్చగా, కొత్త చెక్కపెట్టె తెరిచినట్టు. అంత మంచి వాసన అప్పుడు భరించలేక కిటికీ అద్దం దించాను.

సూది వేసి, రెండు గంటలు పడుకోబెట్టి, ఇక భయం లేదన్నారు. తిరుగు దారిలో, "మెడ మీద చెయ్యి ఎందుకు పెట్టారు అత్తమ్మా?" అనడిగాను.

"నువ్వు వణుకుతాంటివి కదమ్మే," అంది.

సెంటు సంగతి అడిగేవాళ్లకు ఒకటే మాట. చెమటలో అంజూర అందంగా విచ్చుకుంటుంది, దేవదారు పొద్దుగూకేదాకా ఉంటుంది. ఈగలు దానికే వచ్చాయో, అంతకుముందే ఎవరైనా తుట్టెను కదిలించారో నాకు తెలియదు. సీసా మూత తీస్తే మాత్రం ఇప్పటికీ ముక్కు కంటే ముందు చెవులు మేలుకుంటాయి. మీరు గండికోటకు వెళ్లేటట్టయితే సెంటు మానేసి, తల నిండా కప్పుకునేంత దళసరి గుడ్డ ఒకటి వెంట ఉంచుకోండి. అందరి పక్కనా మా అత్తమ్మ ఉండదు.