పంచె మీద బెల్టు

నాగాయలంక చర్చిలో ఏసోబు ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చుంటాడు. పంచె మీద తోలు బెల్టు, బెల్టు మీద చెయ్యి. కడుపు పగిలేలా తిన్నా ఒక్క బెజ్జం సడలించడు. ఆ ఆదివారం పాస్టరుగారు మార్కు సువార్త విప్పి, యేసుప్రభువును పట్టుకున్నప్పుడు ఒంటిమీది బట్ట పట్టుకున్నవాళ్ళ చేతుల్లో వదిలేసి దిసమొలతో పారిపోయిన ఆ పేరు రాయని పడుచువాడు ఎవరై ఉంటాడని అడిగారు.

ఏసోబు అత్త సంతోషమ్మ చాప మీంచి లేవకుండానే చెప్పింది: "పేరెందుకండీ అయ్యగారూ, గుమ్మం దగ్గరున్నారుగా మా అల్లుడుగారు. ఇరవయ్యేళ్ళ కిందట ఉప్పెనలో నా కూతురు వారి పంచె పట్టుకుంటే, ముడి విప్పేసి తాటిచెట్టెక్కారు. శవం దొరికినప్పుడు పంచె దాని గుప్పిట్లోనే ఉంది. వేళ్ళు విడదీయలేక అట్లాగే పూడ్చాం."

జనమంతా తిరిగి అతని నడుం వంక చూశారు. ఏసోబు బెల్టు ఇంకో బెజ్జం బిగించాడు.