జగ్గయ్యపేట బడి స్థలంలో నేను పెట్టిన తప్పు సెట్టింగులు

మా ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపోయిన ఏడాది వేసవిలో, జగ్గయ్యపేట దగ్గర ఒక బడి స్థలంలో సీస్మిక్ సర్వే చేసా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పని ఇదీ. నేలమీద ఇనప పలక పెట్టి సుత్తితో కొడతాం. ఆ అదురు కిందికి పోయి, రాతిపొరకి తగిలి వెనక్కొస్తుంది. వరుసగా గుచ్చిన జియోఫోన్లు, అంటే అదురుని పట్టే చిన్న పరికరాలు, దాన్ని అందుకుంటాయి. ఎంతెంత దూరంలో గుచ్చాలి, సెకనుకి ఎన్నిసార్లు కొలవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అందుకు సగం రోజు వాకవే టెస్ట్ అని ఒక పరీక్ష చేస్తాం.

అక్కడ కింద ఉన్నది సున్నపురాయి. నీళ్ళకి కరిగి లోపల గుల్లబడే రాయి. కొత్త తరగతి గదులు కట్టేచోట గుల్ల ఉందో లేదో మేం చెప్పాలి.

"ఇక్కడ బోరు వేసినప్పుడు రాడ్డు ఒక్కసారిగా దిగిపోయిందండి. కాస్త జాగ్రత్తగా చూడండి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ విజయగారు.

మా మేనేజర్‌కి ఫోన్ చేసి టెస్ట్‌కి సగం రోజు అడిగా.

"టెస్టులెందుకయ్యా? మొన్నటి సైట్ సెట్టింగులే పెట్టు. ఐదు మీటర్లకో జియోఫోన్. రేపు కంచికచర్లలో ఇంకో పనుంది."

"అక్కడ రాయి బాగా లోతు సార్. ఇక్కడ ఎనిమిది మీటర్లే. ఇంత దూరందూరంగా పెడితే ఏమీ దొరకదు."

"ఆఫీసులో ప్రాసెసింగ్‌లో చూసుకుందాం. చెప్పింది చెయ్యి."

చేసా. రికార్డుల్లో ఏమీ తేలలేదు. మేనేజర్ మాత్రం రిపోర్టులో 'గుల్లలు లేవు' అని రాసాడు. 'కనపడలేదు' అని రాద్దామన్నా. వినలేదు. కింద నేనూ సంతకం పెట్టా.

వానలు మొదలయ్యాక పునాది గుంట అడుగు కుంగింది. ఇటుకలు మోస్తున్న కోటమ్మ అనే కూలీ నడుందాకా దిగబడింది. కాలు రెండుచోట్ల విరిగింది. ఆవిణ్ణి నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేనేజర్‌తో కలిసి నేను బడికి వెళ్ళేసరికి విజయగారు రిపోర్టు నా ముందు విసిరేసారు.

"చూడకుండానే లేవని ఎలా రాసారండీ? పిల్లలు కూర్చున్నాక కుంగుంటే?"



"సున్నపురాయి నేల, మనమేం చేస్తాం?" అన్నాడు మేనేజర్.

"నేలని అనకండి సార్. చేసింది మనం," అని అరిచా. "రిపోర్టు తప్పని రాసిస్తా. సర్వే మళ్ళీ చేస్తా."

"రాస్తే ఉద్యోగం ఉండదు."

"ఆ ఉద్యోగం నాకొద్దు!"

రాసిచ్చా, ఉద్యోగం పోయింది. తెలిసిన కాలేజీ వాళ్ళ పరికరాలు అడిగి తెచ్చి, ఈసారి టెస్ట్‌తోనే మొదలుపెట్టా. అర మీటరుకో జియోఫోన్, సెకనుకి అంతకుముందుకంటే నాలుగింతలు ఎక్కువ కొలతలు. హైవే మీద లారీ వచ్చినప్పుడల్లా ఆగి, మళ్ళీ మళ్ళీ కొట్టాం. రాతి పైభాగం గీతలా తేలింది. గుంట దగ్గర ఆ గీత తెగింది. మేమెవరమూ అనుకోని ఇంకోచోట కూడా తెగింది, మూడో తరగతి పిల్లలు కూర్చుంటున్న పాత గది పక్కనే. విజయగారు ఆ రోజే గది ఖాళీ చేయించారు. అక్కడ డ్రిల్ వేస్తే బిట్ గుల్లలోకి జారిపోయింది.

తర్వాత కోటమ్మని చూడ్డానికి వెళ్ళా. జరిగిందంతా విని, "మిషను మీకాడే ఉంది గదా, ముందే ఎందుకు సరిగ్గా చూళ్ళేదు?" అంది.

కుదరలేదని చెప్పడానికి లేదు. సగం రోజు పని అది. సైట్‌లో రికార్డు కానిది ఏ కంప్యూటరూ తర్వాత పుట్టించలేదని నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టా. ఆ కోపంలో సగం మేనేజర్ మీద, సగం నా మీద. ఇప్పుడు టెస్ట్ లేకుండా సర్వే చెయ్యమంటే, అడిగింది ఎవరైనా సరే, సామాను బండిలోంచి దించను.