బేస్తవారం గొట్టాలు

వేడినీళ్లలో పాలపీక ఉడుకుతున్నప్పుడు వచ్చే రబ్బరు వాసన దానియేలు సారును తెచ్చి నా ముందు నిలబెడుతుంది. కిందటి నెల బాబుకు విరేచనాలు పట్టుకుని, వాడు దక్కుతాడో లేదో అన్నంత పనైంది. అప్పటినుంచి ఆ వాసన వంటింట్లోంచి పోవడమే లేదు. పీక చివర పగిలిందా, సీసా మూలలో పాలు అంటుకున్నాయా అని రోజంతా అదే చూపు. చూసి చూసి కళ్లు మండుతాయి. ఇప్పుడు వాడు నిద్రపోయాడు. నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను.

పెళ్లికి ముందు, జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఫలక్‌నుమా వైపున్న ఒక మిల్లు లేబొరేటరీలో పనిచేశాను. కెమిస్ట్రీ చదివిన ఆడపిల్లకు అక్కడ చోటిచ్చింది లేబొరేటరీకి పెద్ద అయిన దానియేలు సారే. బాయిలరు పొగలో ఏ వాయువు ఎంత ఉందో కొలిచే యంత్రం మా చేతిలో ఉండేది. చెక్కపెట్టెలో గాజు గొట్టాలు, వాటిని కలుపుతూ పొట్టి రబ్బరు గొట్టాలు. పొగలో గాలి ఎక్కువ కనబడితే, మంట వేసేవాడు బొగ్గు దుబారా చేస్తున్నాడని అర్థం. నిజాం రాజ్యంలో మిల్లుకు సెలవు శుక్రవారం కనుక, ప్రతి బేస్తవారం సాయంత్రం సారు రబ్బరు గొట్టాలన్నీ మార్పించేవారు. పొగను వడకట్టి మసి పట్టిన దూది తీయించి, గాజు బిరడాలకు కొత్తగా వాసెలిన్ రాయించేవారు.

"ఇవన్నీ మంచిగనే ఉన్నయి గద సారూ, ఎందుకు తీసేస్తున్నం?" అని మొదటి వారమే అడిగాను.

"మంచిగున్నమని గొట్టాలు నీతోని చెప్పినయా బిడ్డా?" అన్నారు తలెత్తకుండానే. "ఖరాబైనంక మార్చుడు గాదు, మంచిగున్నప్పుడే మార్చాలె. ఇయ్యాల మార్చు. మళ్ల బేస్తవారం దాకా దాన్ని మర్చిపో."

యుద్ధం ముదిరి రబ్బరు దొరకకుండా పోయింది. ఒక బేస్తవారం సారు అల్మారా తెరిచి, ఖాళీ అట్టపెట్టెను కాసేపు చూసి, "ఈ ఒక్క వారం నడవనియ్యి" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

శనివారం నుంచే యంత్రం పొగలో గాలి ఎక్కువ చూపించింది. మేనేజరు బాయిలరు దగ్గరికి వచ్చి, మంట వేసే ఎల్లయ్యను పని మానేసి పొమ్మన్నాడు.

"పొయ్యి తలుపు గట్టిగనే మూసిన దొరా. నా మంట నాకు ఎర్కలేదా?" అన్నాడు ఎల్లయ్య. చేతిలో పార అలాగే ఉంది. "ఇంట్ల పిల్లలున్నరు."

సంగతి తెలిసి సారు యంత్రాన్ని అక్కడికే తెప్పించారు. బిరడాలన్నీ మూసి, యంత్రానికి తగిలించిన నీటి సీసాను పైకెత్తి పట్టుకున్నారు. గాజు గొట్టంలో నీటి మట్టం కదలకుండా నిలవాలి. నిలవలేదు, మెల్లగా పైకి పాకింది; ఎక్కడో సందుంది. ఆయన రబ్బరు గొట్టాన్ని వంచి వెలుతురులో పెట్టారు. గాజును పట్టుకున్న చోట సన్నటి పగుళ్లు.

"పొగ గుంజినప్పుడు బయటి గాలి ఈడికెళ్లి వస్తున్నది. మంట తప్పు కాదు. మార్చొద్దన్నది నేను," అన్నారు సారు.

"ముసలితనం వచ్చినట్టుంది. ఇంటికాడ కూసోరాదు?" అన్నాడు మేనేజరు, అందరూ వింటుండగా. ఎల్లయ్య పార మళ్లీ బొగ్గులోకి దిగిన చప్పుడు వినబడ్డాకే సారు అక్కడినుంచి కదిలారు.

మర్నాడు ఆయన సంచిలోంచి ఎర్రటి రబ్బరు గొట్టం తీశారు. వాళ్లింట్లో ఎనిమా డబ్బాది. "నవ్వకు బిడ్డా. మా ఆమె మస్తు ఉడకబెట్టింది," అన్నారు. నేను ఆపుకున్నాను గానీ ఎల్లయ్య ఆపుకోలేదు.

"ఇగ పొగకు గూడ కడుపు సాఫైతది సారూ!"

సారు దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఆయన ఇప్పుడు లేరు. అప్పట్లో చాలా నిబ్బరమైన మనిషి అనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తుంది, ఆయనా నాలాగే భయస్థుడేనని. కాకపోతే భయానికి వారంలో ఒక సాయంత్రం ఇచ్చి, మిగతా రోజులు దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు.

ఇవాళ బేస్తవారం. పాత పీక తీసి కొత్తది తొడుగుతుంటే మా అత్తమ్మ, "మంచిగున్నదాన్ని పారేస్తవేందే? మళ్ల దొరుకుతదా?" అంది.

"మంచిగున్నదనే తీస్తున్న అత్తమ్మా," అన్నాను.

మార్చడం నాకు బాగానే వచ్చింది సారూ. మరచిపోవడమే ఇంకా రాలేదు. ఈ వాక్యం రాసేముందు కూడా లేచి వెళ్లి సీసా చూసి వచ్చాను.